లక్క రంగు దిండ్లు

"చెప్పను," అనింది శృతి. ఇది మూడోసారి.

నాకు ఒళ్ళు మండింది. ఎవరిని కాపాడాలని కాఫీ కూడా తాగకుండా స్టేషన్‌కు పరిగెత్తి వచ్చినానో ఆ పిల్లే నా ముందు బెంచీ మీద కూచోని నోటికి తాళం వేసుకోనుంది. సాయంత్రం లోపల ఆమెను మేజిస్ట్రేటు ముందర నిలబెట్టాలని ఎస్‌ఐ దినకరన్ పక్క గదిలో కాగితాలు టైప్ చేయిస్తా ఉన్నాడు. ఆ పని అయిపోతే నేను ఎంత గింజుకున్నా లాభం లేదు. ఇరవై నాలుగేండ్ల పిల్ల జైలుకు పోతాది.

"ఇదో చూడు తల్లీ. నా పేరు తాయారు. నేను డిటెక్టివ్‌ను, నీ శత్రువును కాదు. మీ అమ్మ యోగలక్ష్మి నా ఇంటి అరుగు మీద నుంచి లేవకుండా ఏడుస్తా ఉంటే ఈ కేసు తీసుకున్నాను. సోమవారం రాత్రి పట్టు చీరల వీరప్ప శెట్టి తన అంగట్లోనే వెనక మెట్ల కింద తల పగిలి పడి ఉన్నాడు. ఇప్పటికీ స్పృహ లేదు. ఆ సాయంత్రం ఆయనతో గొంతు పెంచి మాట్లాడింది నువ్వే. కింద చీరలు చూస్తా ఉన్నవాళ్ళంతా విన్నారు. దేనికి కొట్లాడినారు?"

"లైట్లకు."

"లైట్లకు అంత అరుపులా?"

శృతి చున్నీతో కండ్లు తుడుచుకుంది. "పైన పెళ్ళి చీరల హాలు నేనే డిజైన్ చేసినాను ఆంటీ. గోడల రంగు, పరుపులు, దిండ్లు అన్నీ నావే. లైట్లు మాత్రం నేను చెప్పినవి కాదు. పట్టు నిగనిగలాడాలని శెట్టిగారు ఎర్రదనం ఎక్కువుండే లైట్లు వేయించినారు. నిగనిగలాడతాది, నిజమే. కానీ దాని కింద లక్క రంగు, వక్క రంగు, ముదురు కుంకుమ రంగు అన్నీ ఒకటిగానే తెలుస్తాయి. బట్ట ఒకటే చాలదు ఆంటీ. మీద పడే వెలుతురు, చూసే కన్ను, రెండూ కలిస్తేనే రంగు. జనం ఇక్కడ లక్క రంగు అని కొనుక్కోని పోయి ఇంట్లో విప్పి చూస్తే వక్క రంగు. చీరలు వాపసు తెస్తా ఉన్నారు. అదంతా నా నెత్తిన వేసినారు."

"సరే. అంతేనా?"

"తర్వాత ఇంకొకటి అడిగినారు. నేను నిజం చెప్పినాను. ఆయన తట్టుకోలేకపోయినారు. నేను ఏడ్చుకుంటా ఇంటికి వచ్చేసినాను."

"ఏమి అడిగినాడు?"

"చెప్పను. ఎవరికీ చెప్పనని శెట్టిగారి ముందర దీపం మీద చెయ్యి పెట్టి ఒట్టేసినాను. అది ఇంకొకళ్ళ బతుకు. ఆయన లేస్తే ఆయనే చెప్తారు."

"లేవకపోతే?"

దానికి ఆ పిల్ల చున్నీలో మొహం దాచుకోని ఏడ్చింది. నా క్లయింటే నాకు అడ్డం పడితే నేను ఎవరితో మొత్తుకోవాల? ఈ కాలం పిల్లలు పది మాటల్లో తొమ్మిది ఫోన్‌లో పెడతారు, కావలసిన ఒక్కటి మాత్రం కడుపులో దాచుకుంటారు. చెప్పులు వేసుకోని బయట పడినాను.

* * *

అంగడి గుమ్మంలోనే ఇంకో తలనొప్పి నిలబడి ఉంది. పేరు ఆనంద్‌బాబు. నా దగ్గరే పని నేర్చుకోని, నా ఎదుటి వీధిలోనే బోర్డు పెట్టిన డిటెక్టివ్. వీరప్ప కొడుకు మాదేష్ వీణ్ని పెట్టుకున్నాడని విన్నాను. చూడగానే నవ్వినాడు. ఆ నవ్వు చూస్తే నాకు బీపీ పెరుగుతాది.

"రాండి తాయారక్కా. అంతా అయిపోయినాక వచ్చినారే? నా రిపోర్టు పొద్దునే స్టేషన్‌కు పోయింది. శృతి ఎనిమిదిన్నరకు బయటికి పోయినట్టు గుమ్మం కెమెరాలో ఉంది. అంతకు ముందే వెనక మెట్ల మీద నుంచి పెద్దాయన్ను తోసింది. ఆ మెట్లు ఎవరూ వాడరు కాబట్టి ఆయన పదింటిదాకా అట్లే పడి ఉన్నాడు."

"తోస్తా ఉంటే నువ్వు చూసినావా?"

"పై హాల్లో కెమెరా లేదు కదక్కా. ఆడోళ్ళు చీర కట్టి చూసుకునే చోటు."

"అయితే తోసింది అని ఎట్ల రాసినావు?"

"ఇంకెవరు తోస్తారు? ఇంటివాళ్ళా?"

వాడితో మాట్లాడే ఓపిక లేక లోపలికి పోయినాను. వీరప్ప కోడలు అభిరామి ఫ్లాస్కు, అన్నం క్యారియర్ పట్టుకోని ఎదురొచ్చింది. నెమ్మదైన మనిషి. ఇంత గోలలోనూ కొప్పు చెదరలేదు.

"వచ్చినారా అక్కా? కాఫీ పెట్టిచ్చి పోదామంటే టైమ్ లేదు. మామను నిన్న ఐసీయూ నుంచి రూమ్‌కు మార్చినారు. పక్కన నేనే ఉండాల కదా. వేరేవాళ్ళ చేత్తో ఆయనకు సరిపడదు." అని ఆటో ఎక్కి పోయింది.

మాదేష్ గల్లా దగ్గర కూచోనున్నాడు. ముప్పై అయిదేండ్లుంటాయి, వీరప్పకు ఒక్కడే కొడుకు. నన్ను చూసి లేచినాడు గానీ కండ్లు మాత్రం నేల మీద నుంచి లేవలేదు.

"సోమవారం ఏమి జరిగింది చెప్పు నాయనా."

"ఎనిమిదిన్నరకు ఆ పిల్ల పోయింది. తొమ్మిదికి పనివాళ్ళు పోయినారు. షట్టర్ వేసి నేను ఇక్కడే రోజు అమ్మకం సరిచూసుకుంటా ఉన్నాను. అభిరామి వెనక గదిలో చీరలకు ఫాల్ కుడతా ఉంది. నాయన అంగడి వెనకున్న ఇంటికి పోయినాడని అనుకున్నాం. పదింటికి అన్నానికి పిలుస్తే లేడు. వెతికితే మెట్ల కింద..."

"మీ నాయన, శృతి దేనికి అరుచుకున్నారు?"

"లైట్లకు."

"ఇంకొకటి కూడా ఉందంట."

మాదేష్ మొహంలో రక్తం ఇంకిపోయింది. "నాకు తెలీదు" అన్నాడు, అదేమని నేను అడగక ముందే. వీడూ చెప్పడు. ఈ కేసులో అందరికీ ఒకటే జబ్బు. నాకు నెత్తి కొట్టుకోవాలనిపించింది.

"సరే, హాలు చూపించు."

* * *

పై హాల్లో అడుగు పెట్టగానే అన్నీ తేనెలో ముంచి తీసినట్టు ఉన్నాయి. కిటికీలు ఉన్నచోట పలకలు కొట్టి మూసేసినారు. పొద్దున పదకొండైనా సాయంత్రం ఏడైనా లోపల ఒకటే వెలుతురు. నేల మీద పొడుగునా తెల్ల పరుపు, గోడకు ఆనించి వరసగా ఆరు దిండ్లు. అన్నీ లక్క రంగు. మా వాళ్ళు అరవంలో అరక్కు అని పిలిచే రంగు అదే.

రక్తం మెట్ల కింద దొరికింది, పైన ఒక్క చుక్క లేదు. పోలీసులు చూసినారు, ఆనంద్‌బాబు భూతద్దం పెట్టి చూసినాడు. నేను కూడా మోకాళ్ళ మీద పాకి చూసినాను. ఏమీ లేదు. నడుము పట్టేసింది. విసుగొచ్చి పరుపు మీద కూలబడి ఒక దిండుకు ఆనుకున్నాను.

"అలిసిపోయినారా అక్కా? ఇంటికి పోయి పడుకోండి," అన్నాడు ఆనంద్‌బాబు గుమ్మం దగ్గర నుంచి.

"నోరు మూసుకోరా."

వాడికి ఇంకో రెండు మాటలు తగిలించి ఉందును గానీ, నా అరచేతికి ఏదో గుచ్చుకుంది. దిండు అంచున దారం ముడి. చేత్తో కుట్టిన కుట్టు. పక్క దిండు తిప్పి చూసినాను, జిప్పు. దాని పక్కదీ జిప్పే. నేను ఆనుకున్న దానికి మాత్రమే జిప్పు లేదు.

"మాదేష్, ఈ దిండ్లు ఎవరు కుట్టించినారు?"

"శృతినే. ఒకే తాను నుంచి అన్నీ కుట్టించి తెచ్చింది. మిగిలిన గుడ్డ ఆమె ఇంట్లోనే ఉంది. చినిగితే వాడుకోవచ్చు అనింది."

"అన్నిటికీ జిప్పులేనా?"

"అట్లే అనుకుంటా."

ఆనంద్‌బాబు వచ్చి దిండు లాక్కోని చూసినాడు. "జిప్పు పాడైంటాది, కుట్టేసింటారు. రంగు చూడండక్కా, అచ్చం ఒకటే. కొత్త గుడ్డైతే ఎక్కడో ఒక చోట తేడా రాదా? దిండు కుట్టు మీద కేసు నడిపిస్తారా ఏమి?"

రంగు నిజంగానే ఒకటే. ఎంత దగ్గర పెట్టుకోని చూసినా ఒకటే. నా కండ్లు నన్నే వెక్కిరిస్తా ఉన్నట్టు అనిపించింది. సరిగ్గా అప్పుడే కింద నుంచి ఒక ముసలామె గొంతు వినపడింది. "నీ లైటు నాకు వద్దప్పా. వాకిట్లోకి తీసుకురా, ఎండకు చూస్తాను."

ఈ ఊర్లో ఏ పట్టు అంగట్లో అయినా ఉన్న పద్ధతే ఇది. ఎంత నచ్చినా సరే, చీరను వాకిలి దగ్గరికి తీసుకుపోయి పగటి వెలుతురులో మడత విప్పి చూసినాకే బేరం ముగుస్తాది. మా అమ్మ చూసేది, నేనూ చూస్తాను. ఈ ఏసీ హాలు వచ్చినాక పైన కూచున్నవాళ్ళు లేచి మెట్లు దిగడం మానేసినారు. నేను కూడా ఇంతసేపు పైన కూచోనే చూస్తా ఉన్నాను, బుద్ధి లేక.

"దిండ్లన్నీ ఎత్తుకోని కిందికి రాండి," అన్నాను.

"దేనికక్కా?"

"నువ్వు మూడు పట్టుకో, మాదేష్ మూడు పట్టుకుంటాడు. దేనికో కిందికి పోయినాక తెలుస్తాది."

* * *

వాకిట్లో వరసగా పేర్చినాము. నేను ఇంకా నడుం ఎత్తకముందే, చీర పట్టుకోని నిలబడిన ముసలామె పచ్చయమ్మాళ్ వంగి చూసింది. "ఇదేమి శెట్టీ, అయిదు లక్క రంగు పెట్టి ఒకటి వక్క రంగు కుట్టినారు?"

చేతికుట్టు దిండు. పైన తేనె వెలుతురులో కవలపిల్ల మాదిరి ఉన్నది ఇక్కడ ఎవరిదో బిడ్డ అయిపోయింది. ఎర్రదనం పూర్తిగా పోయి గోధుమ రంగులోకి దిగింది.

"ఎండ నేరుగా పడతా ఉంది కాబట్టి అట్ల ఉంటాది," అన్నాడు ఆనంద్‌బాబు. గొంతులో ముందున్న బలం లేదు.

దాన్ని తీసి నీడలో పెట్టినాను. వరసలో చోటు మార్చి మధ్యలో పెట్టినాను. ఎక్కడ పెట్టినా వక్క రంగే. బ్లేడుతో కుట్టు విప్పినాను. లోపలి తెల్ల దూది సంచి మీద అరచేయంత మరక, ఎండి నల్లగా పెళుసుబారింది.

"ఇప్పుడు చెప్పు ఆనంద్‌బాబూ. వీరప్ప తల పగిలింది మెట్ల మీదనా, పైనా? పైన పగిలింది. రక్తం ఈ దిండు తాగింది. ఆ తర్వాత ఆయన్ను మెట్ల కింద పెట్టినారు. రక్తమైన గలీబు తీసేసి, అంగట్లో గుడ్డ వెతికి, కత్తిరించి, కుట్టి తొడిగినారు. ఏడ్చుకుంటా ఎనిమిదిన్నరకు బయట పడిన పిల్లకు ఇదంతా చేసే తీరికెక్కడిది? పైగా అదే తాను గుడ్డ ఆమె ఇంట్లో పెట్టుకోని, వేరే గుడ్డ దేనికి వాడుతాది? ఆ లైటు మోసం చేస్తాదని మొత్తుకుంటా ఉన్నదే ఆమె."

ఆనంద్‌బాబు వంగి ఆ మరక మీద భూతద్దం పెట్టి చూసినాడు. నాకు కొంచెం చల్లగా అనిపించింది, అబద్ధం దేనికి?

అప్పుడు మాదేష్ అడిగినాడు, చాలా మెల్లగా. "ఏది?"

"ఏది అంటే?"

"ఏ దిండు వేరే రంగు?"

అందరం వాడి వైపు తిరిగినాము. గలీబు నా చేతిలో ఉంది, మిగతావి వాడి కాళ్ళ ముందర ఉన్నాయి. పచ్చయమ్మాళ్ చత్వారం కండ్లకు కూడా తెలిసిన తేడా అది.

ఆనంద్‌బాబు వెంటనే పార్టీ మార్చినాడు. వాడికి అది బాగా చేతనవును. మాదేష్ చొక్కా పట్టుకోని, "నాటకాలా? నన్ను పెట్టుకున్నది నీ తప్పు కప్పిపెట్టడానికా? షట్టర్ వేసినాక లోపల ఉన్నది నువ్వే కదా!" అన్నాడు.

నాకూ అదే అనుమానం వచ్చింది, ఒప్పుకుంటాను.

"నాకు కనపడదు," అన్నాడు మాదేష్. "ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ... నాకు అన్నీ ఒకటే. పుట్టినప్పటి నుంచి." అని వాకిలి మెట్టు మీద కూలబడి, కండువాతో మొహం కప్పుకున్నాడు. "పట్టు శెట్టి కొడుక్కు రంగులు తెలీవంటే ఎవరన్నా ఈ అంగడి మెట్టు ఎక్కుతారా? ఎవరన్నా పిల్లనిస్తారా? మా నాయనకు కూడా తెలీనీకుండా బతికినాను. గోడలకు రంగు ఎంచేటప్పుడు కార్డులు చూపించి శృతి కనిపెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు పాపం. సోమవారం నాయనకు అనుమానం వచ్చి ఆమెను నిలదీసినాడు. అక్కడే అరుపులు."

అయ్యో తల్లీ, అనుకున్నాను. ఆ పిచ్చిపిల్ల జైలుకు పోవడానికి సిద్ధపడి దాచింది ఇదా? కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చినాయి.

"చూసినారా, గుడ్డ తప్పుగా ఎంచింది వీడే," అన్నాడు ఆనంద్‌బాబు.

"వాడి చొక్కా వదులు. కొంచెం బుర్ర వాడు. తప్పుగా ఎంచలేదు, పైన లైటు కింద అచ్చంగా ఎంచినారు. నువ్వూ నేనూ ముక్కు దగ్గర పెట్టుకోని చూసినా తేడా కనిపెట్టలేకపోయినాము. ఈ అంగట్లో అన్ని గుడ్డల్లో ఆ లైటుకు సరిగ్గా కలిసే ఒక్క గుడ్డ ఏరినారంటే, ఎరుపు తెలీనివాడి పనా? అది చాలా మంచి కన్ను. తన కన్ను మీద తనకు ఎంత నమ్మకమంటే, తెల్లవారినాక వాకిట్లోకి తెచ్చి చూసుకోవాలని కూడా తోచలేదు." నేను మాదేష్ పక్కన మెట్టు మీద కూచున్నాను. "నాయనా, ఇన్నేండ్లు నువ్వు ఎట్ల నెట్టుకొచ్చినావు? గిరాకీ వచ్చి లక్క రంగు తియ్యి అంటే ఏమి చేస్తావు?"

"అభిరామి పక్కన ఉంటాది. ఆమె తీసిస్తాది. ఆమె లేనప్పుడు ఫోన్ చేసి పిలుస్తాను." అని తల ఎత్తినాడు. నా మాట ఎవరి మీదికి పోతా ఉందో వాడికి అర్థమయింది. "లేదక్కా. ఆమె నాకోసమే... లేదు."

"మీ నాయన నీ సంగతి తెలిసినాక ఏమన్నాడు?"

"నాతో ఏమీ అనలేదు. అంగడిని కంబైనల్లూరులో ఉండే మా చిన్నాయన కొడుకు చేతికి ఇస్తానన్నాడంట. రేపే పిలిపిస్తానన్నాడంట."

"అన్నాడంట అంటే? నీకు ఎవరు చెప్పినారు?"

"అభిరామి."

"ఎప్పుడు?"

"షట్టర్ వేసి, అన్నానికి పిలవక ముందు. ఇప్పుడే మామతో మాట్లాడి వస్తా ఉన్నాను, నువ్వేమీ భయపడొద్దు, నేను చూసుకుంటాను అని..." ఆ మాట బయట పెడితే తన గుట్టు కూడా బయట పడతాదని ఇన్ని దినాలు దాచినాడు.

శృతి పోయినాక అరగంట దాటినా వీరప్ప బతికే ఉన్నాడు, మాట్లాడతా ఉన్నాడు. ఆఖరున మాట్లాడింది కోడలితో. ఇప్పుడు ఆయన మంచం పక్కన ఉన్నదీ ఆ కోడలే. శృతికి ఉన్న ఒకే సాక్షి ఆ ముసలాయన.

"ఆనంద్‌బాబూ, బండి తీయి. ఆసుపత్రికి పో. రూమ్‌లోకి దూరు, ఎవరు ఆపినా ఆగొద్దు. పోతా పోతా దినకరన్‌కు ఫోన్ కొట్టు."

మొదటిసారి వాడు ఎదురు చెప్పలేదు. బండి మలుపు తిరిగినాక నేను మాదేష్ చేతికి ఫోన్ ఇచ్చినాను.

"ఆమెకు అనుమానం రాకుండా అక్కడి నుంచి లేపాల. రోజూ ఎట్ల పిలుస్తావో అట్లే పిలువు."

మాదేష్ ఫోన్ తీసుకోని కండువాతో దాని అద్దం తుడిచినాడు. ఒక పక్క కన్న తండ్రి, ఇంకో పక్క వాడికి కండ్లుగా బతికిన భార్య. అప్పుడు నేను వాణ్ని తిట్టలేదు, తొందర పెట్టలేదు. వాడే నంబరు నొక్కి స్పీకర్ పెట్టినాడు.

"అభీ... అంగడికి ఒకసారి వస్తావా? పచ్చయమ్మవ్వ వచ్చింది. ఒక రంగు చూడాల."

అటు వైపు నుంచి ఫ్యాన్ తిరిగే చప్పుడు వచ్చింది.

"ఇప్పుడు రాలేనండి," అనింది అభిరామి, ఎప్పటి నెమ్మదైన గొంతుతోనే. "మామ కండ్లు తెరిచినారు. నన్నే చూస్తా ఉన్నారు. ఏదో చెప్పాలని నోరు కదిలిస్తా ఉన్నారు."

నర్సు ఉందా అడుగు అని నేను చేత్తో సైగ చేసినాను.

"నర్సు... నర్సు ఉందా అభీ?"

"లేదండి. నేనే బయటికి పంపించి తలుపు గడి పెట్టినాను. మీరు అవ్వకు ఏదో ఒక చీర చూపిస్తా ఉండండి, ఇక్కడ నాకు కొంచెం పనుంది," అని ఫోన్ పెట్టేసింది.